పాత క్యాంపర్ వ్యాన్: షాకప్స్ మార్చినా ఊగుడు ఎందుకు తగ్గదు?

హైదరాబాద్‌లో పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ కొన్నవాళ్లు దాదాపు అందరూ ఒకే వరుసలో డబ్బు ఖర్చుపెడతారు. ముందు ఇంజిన్, తర్వాత పెయింట్, ఆ తర్వాత లోపల మంచం, స్టవ్, లైట్లు. అన్నీ అయ్యాక మొదటిసారి శ్రీశైలం రోడ్డు మీదికో వికారాబాద్ వైపో తీసుకెళ్తే స్టీరింగ్ చేతిలో నిలవదు, స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా కింద కడక్‌మని కొట్టుకుంటుంది, గుంతలో చక్రం పడితే బండి మొత్తం పక్కకు జరిగినట్టు అవుతుంది. అప్పుడు మెకానిక్ నోట వచ్చే మొదటి మాట "షాకప్స్ పోయినయ్ సార్, నాలుగూ మార్చేద్దాం" అని. మారుస్తారు. కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత మళ్లీ అదే ఊగుడు, అదే చప్పుడు.

ఈ బండ్లలో షాకప్స్ తప్పు చాలా తక్కువ. అసలు గొడవంతా ఒదులులో ఉంటుంది, ఆ ఒదులు ఏ జాయింట్‌లో ఉందో తెలుసుకోకుండా సామాను కొనడం మొదలుపెడితే ఎంత పోసినా బండి బాగుపడదు. ఇంజిన్, పెయింట్ కంటే ముందు బండి కింద పడుకుని చూడాల్సిన పని ఇది.

ముందు ఏ బండి గురించి మాట్లాడుతున్నామో చెప్తాను. ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 అనే ఈ వ్యాన్‌కు మూలం 1947లో బెన్ పాన్ అనే డచ్ దిగుమతిదారు నోట్‌బుక్‌లో గీసిన ఒక చిన్న బొమ్మ. 1950లో వోల్ఫ్స్‌బుర్గ్‌లో తయారీ మొదలైంది, 1956లో హానోవర్‌కు మారింది. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉండేది మొదటి తరం. 1967 ఆగస్టు నుంచి ఒకే పెద్ద వంపు అద్దంతో వచ్చింది రెండో తరం, జర్మనీలో 1979 దాకా తయారైంది, బ్రెజిల్‌లో అయితే 2013 డిసెంబరు దాకా చేస్తూనే ఉన్నారు. పడక, వంటగట్టు పెట్టి క్యాంపర్‌గా మార్చే పని వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ 1951 నుంచే చేసింది. ఈ వ్యాసంలో చెప్పేదంతా ప్రధానంగా రెండో తరం బండి గురించి. 1979లో వచ్చిన మూడో తరం చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా దాని కింద కాయిల్ స్ప్రింగులు ఉంటాయి, అది పూర్తిగా వేరే లెక్క.

ఇలాంటివి మన దగ్గరికి ఎలా వచ్చాయంటే, కొన్ని దౌత్య కార్యాలయాల వాళ్లవి, కొన్ని యూరప్ నుంచి టర్కీ, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా నడుపుకుంటూ వచ్చినవాళ్లు ఇక్కడే వదిలేసినవి. 1979లో ఇరాన్, అఫ్ఘానిస్తాన్ పరిస్థితులు మారిపోయాక ఆ దారి మూతపడింది. వాడిన బండి తయారై 3 ఏళ్లు దాటితే మామూలు పద్ధతిలో దిగుమతికి ఒప్పుకోరు కాబట్టి ఇప్పుడు చేతులు మారుతున్నవి ఎక్కువగా ఎప్పుడో వచ్చినవే. అందుకే కొనేముందు ఆర్సీతో పాటు కస్టమ్స్ కాగితాలు అడగండి. అప్పట్లో విదేశీ పర్యాటకులు తాత్కాలిక అనుమతి మీద తెచ్చి, సుంకం కట్టకుండా ఉండిపోయిన బండి అయితే ఎంత బాగుచేసినా మీ పేరు మీదికి రాదు. చాసిస్ నంబర్ కాగితంలో ఉన్నదీ, లోహం మీద కొట్టి ఉన్నదీ మీ కళ్లతో మీరే పోల్చి చూసుకోవాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబర్ మధ్యలో వీఏ అని ఉంటుంది, ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. వినడానికి బాగుంది గానీ ఆ నంబర్‌తో ర్యాలీలకు, ప్రదర్శనలకు, మెయింటెనెన్స్‌కు తప్ప రోజువారీగా తిరగనివ్వరు. క్యాంపర్ కొనేదే తిరగడానికి కదా. పాత మామూలు ఆర్సీ బతికి ఉంటే దాన్ని 5 ఏళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎడమ చేతి స్టీరింగ్ ఉన్న బండి అయితే సిగ్నల్ ఇచ్చే పరికరం పనిచేసే స్థితిలో ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ చెప్తుంది, కాబట్టి ఇండికేటర్ల వైరింగ్ విషయంలో రాజీ పడొద్దు.

ఇప్పుడు బండి కిందికి వెళ్దాం.

మనకు అలవాటైన వ్యాన్లలో కట్టలు కట్టలుగా లీఫ్ స్ప్రింగులో, చుట్టలు చుట్టిన కాయిల్ స్ప్రింగులో ఉంటాయి. ఈ బండిలో అవేవీ బయటికి కనపడవు. ముందు వైపు అడ్డంగా రెండు లావుపాటి గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, దాన్నే బీమ్ అంటారు. ఆ గొట్టాల లోపల సన్నటి ఉక్కు పట్టీలు కట్టగా పేర్చి ఉంటాయి, నడిమధ్యలో ఒక స్క్రూతో బిగించి ఉంటాయి. గొట్టం చివరల నుంచి చక్రం దాకా వెనక్కి తిరిగిన చేతుల్లాంటివి ఉంటాయి, వాటిని ట్రెయిలింగ్ ఆర్మ్స్ అంటారు. చక్రం పైకి లేచినప్పుడు ఆర్మ్ తిరుగుతుంది, దానితో పాటు ఉక్కు పట్టీల కట్ట మెలితిరుగుతుంది, నడిమధ్య కదలదు కాబట్టి తడి బట్టను పిండినట్టు మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ మెలికే స్ప్రింగ్. వెనక వైపు కూడా సూత్రం ఇదే, పట్టీలకు బదులు గుండ్రటి ఉక్కు కడ్డీ ఉంటుంది, అంతే. దీన్ని టార్షన్ బార్ అంటారు.

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఉక్కు కడ్డీ అరగదు. దశాబ్దాల బరువుకు కొంచెం కిందికి దిగొచ్చు, తుప్పు గుంటలు పడితే విరగొచ్చు, కానీ దాని గట్టిదనం తగ్గిపోదు. అరిగేది ఆ కడ్డీని, ఆర్మ్‌ను పట్టుకుని ఉండేవి: బీమ్ లోపల ఆర్మ్ తిరిగే నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్నటి రోలర్లు ఉన్నవి), ఆర్మ్ చివర బాల్ జాయింట్లు (కప్పులో గుండు తిరిగే కీళ్లు), వెనక రబ్బరు బుష్‌లు (కదిలే భాగం చుట్టూ ఉండే తొడుగులు), స్టీరింగ్ లింకుల కీళ్లు. ఒక్కోదానిలో ఒక మిల్లీమీటరు ఒదులు ఉన్నా అన్నీ కలిసి స్టీరింగ్ దగ్గర నాలుగు వేళ్లంత ఆట, అంటే చక్రం కదలకుండానే స్టీరింగ్ తిరిగే ఖాళీ, అవుతుంది. షాకప్ పని వేరు, స్ప్రింగ్ పైకీ కిందికీ ఊగుతూనే ఉండకుండా ఆ ఊపును చల్లార్చడం. జాయింట్‌లో ఒదులును అది ఆపలేదు. కొత్త షాకప్ బిగుతుగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు చప్పుడును అణిచిపెడుతుంది, అందుకే మొదట్లో బాగయినట్టు అనిపిస్తుంది.

ఒదులు ఎక్కడుందో పట్టుకోవడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. గట్టి నేల మీద బండి నిలబెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు బీమ్ కింద జాకీ పెట్టి లేపి, స్టాండ్లు వేయాలి (జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరొద్దు). చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆడుతుంటే ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే అది వీల్ బేరింగ్, నట్టు సర్దితే సరిపోవచ్చు. తొక్కినా ఆడుతుంటే బాల్ జాయింట్ లేదా బీమ్ బేరింగ్. ఆ రెంటిలో ఏదో తెలియాలంటే ఒకరు ఊపుతుండగా ఇంకొకరు ఆర్మ్ బీమ్‌లోకి దూరే చోట వేలు పెట్టి చూడాలి, అక్కడ కదలిక తగిలితే బేరింగ్ పోయినట్టే. ఇక చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) చివరల్లో, స్టీరింగ్ లింకుల్లో ఉన్న ఒదులు బయటపడుతుంది. కొన్ని మామూలు పానాలు, ఒక గడ్డపార, ఒక టార్చి, ఓపికగల ఒక స్నేహితుడు ఉంటే చాలు. ఏది ఎంత ఆడుతుందో కాగితం మీద రాసుకున్నాకే దుకాణానికి వెళ్లండి.

బీమ్ బేరింగ్ పోవడానికి అసలు కారణం దాదాపు ఎప్పుడూ గ్రీజు. బీమ్ మీద గ్రీజు నిప్పల్స్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతులు) ఉంటాయి, వాటి మీద పెయింటు, తారు, మట్టి గట్టిపడి ఉన్నాయని ఎవరూ ముట్టుకోరు. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ వాటర్ కొట్టినప్పుడు సీల్ దాటి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. గ్రీజు ఎండి నీడిల్స్ తుప్పు పట్టాక అవి ఆర్మ్ మీద గీతలు పెడతాయి. అలా గీతలు పడ్డ ఆర్మ్‌కు కొత్త బేరింగ్ వేసినా త్వరలోనే మళ్లీ అరిగిపోతుంది, ఆర్మ్ కూడా మార్చాలి. గ్రీజు గన్‌తో తొమ్మిది నిమిషాల్లో అయ్యే పనిని ఏళ్ల తరబడి వదిలేసినందుకు పడే శిక్ష ఇది, అందుకే ఈ మాట ఎన్నిసార్లయినా చెప్తాను.

బాల్ జాయింట్ల విషయంలో నాది గట్టి మాట. వీటిని రెండో తరం బండిలో ఆర్మ్‌లోకి బలంగా నొక్కి ఎక్కిస్తారు, తీయడానికీ పెట్టడానికీ హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. సుత్తితో కొట్టి తీసి, వెల్డింగ్ చుక్కలు పెట్టి బిగించే పద్ధతి కొన్ని షెడ్లలో చూస్తాం, దయచేసి ఒప్పుకోవద్దు. వెల్డింగ్ వేడికి లోపలి ప్లాస్టిక్ కప్పు, గ్రీజు పాడవుతాయి, ఆర్మ్ ఉక్కు గుణమే మారిపోతుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం బండి కిందికి మడత పడుతుంది, అది జరిగేది ఘాట్ రోడ్డు మలుపులో కావొచ్చు. పై జాయింట్ దగ్గర ఒక ఎక్సెంట్రిక్ బుష్ (రంధ్రం నడుమ కాకుండా పక్కకు ఉండే తొడుగు) ఉంటుంది, దాన్ని తిప్పితేనే చక్రం వాలు సర్దుబాటు అవుతుంది. విప్పేముందు అది ఏ వైపు చూస్తుందో గుర్తు పెట్టుకోవాలి.

మన ఊళ్లో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే చేతి పనివాళ్లు. బేరింగ్ మీద నంబర్ చదవగలిగితే రాణిగంజ్‌లో బేరింగులు, సీల్స్ అమ్మే దుకాణాల్లో అడగండి, కొలతలు వెర్నియర్‌తో తీసుకుని వెళ్తే ఇంకా నయం. పుత్లీబౌలిలో పాత సామాను మధ్య ఓపికగా వెతికితే నట్లు, బ్రాకెట్లు, హ్యాండిళ్ల లాంటివి దొరికే అవకాశం ఉంది. బాలానగర్ వైపు చిన్న లేత్ వర్క్‌షాపుల్లో నమూనా ఇస్తే కంచు బుష్‌ను వందో వంతు మిల్లీమీటరు లెక్కన తిప్పి ఇచ్చే టర్నర్లు ఉన్నారు. స్టీరింగ్‌లో బీమ్ మధ్యన ఒక తిరిగే లివర్ ఉంటుంది, స్టీరింగ్ బాక్స్ నుంచి వచ్చే రాడ్ దాన్ని తిప్పితే అది రెండు టై రాడ్లనూ కదిలిస్తుంది. దాని పిన్ను, బుష్‌లు అరిగి ఉంటే అవి ఇలా లేత్ మీద చేయించుకోవడానికి సరిగ్గా తగిన పని. కానీ బాల్ జాయింటు, టై రాడ్ చివరలు, బ్రేకు సామాను మాత్రం ఎవరు చేసిస్తామన్నా ఇక్కడ తయారు చేయించొద్దు, బయటి నుంచి తెప్పించుకోండి. బ్రెజిల్‌లో 2013 దాకా ఈ బండి నడిచింది కాబట్టి కొత్త సామాను ఇప్పటికీ ప్రపంచంలో దొరుకుతుంది.

స్టీరింగ్ ఆటను తగ్గించడానికి చాలామంది చేసే పని బాక్స్ మీది స్క్రూను బిగించడం. మనం నడిపేదంతా ఎక్కువగా నేరుగానే కాబట్టి బాక్స్ మధ్యలో ఎక్కువ అరుగుతుంది, పక్కలకు అంత అరగదు. మధ్యలో ఆట పోయేదాకా బిగిస్తే మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది, వదిలినా తిరిగి రాదు. లింకులన్నీ సరిచేశాక మిగిలిన ఆటకే ఆ స్క్రూ.

వెనక వైపు కథలో రబ్బరుదే పెద్ద పాత్ర. టార్షన్ బార్ బయటి చివర స్ప్రింగ్ ప్లేట్ అనే వెడల్పాటి ఉక్కు పట్టీ ఉంటుంది, దాని చుట్టూ రబ్బరు బుష్‌లు. మన ఎండకు, కాలానికి ఆ రబ్బరు ఎండి పగులుతుంది, ఒక పక్కకు నొక్కుకుపోతుంది. ప్లేట్ కిందికి జారి బండి వెనక భాగం దిగినట్టు కనిపిస్తుంది, దాంతో కడ్డీ నీరసపడిందనుకుంటారు. వెనక ఆర్మ్ లోపలి చివర బండికి కలిసే చోట ఉండే పివట్ బుష్ కూడా పోతే ఇంకో లక్షణం వస్తుంది: యాక్సిలరేటర్ వదలగానే తోక ఒక వైపుకు, తొక్కగానే ఇంకో వైపుకు నడుస్తుంది. ముందు చక్రాల అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా అది పోదు, ఎందుకంటే దారి తప్పిస్తున్నది వెనక చక్రం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ప్రాణంతో సమానం. స్ప్రింగ్ ప్లేట్ తన ఆగే చోటు మీద ఆనుకుని ఉన్నప్పుడు లోపలి కడ్డీ ఇంకా మెలిపడే ఉంటుంది. దాన్ని ఆ మెట్టు మీద నుంచి దించేటప్పుడు కింద జాకీ గానీ గొలుసు గానీ లేకుండా చేస్తే ఆ ప్లేట్ ఎగిరి చేతిని విరిచేస్తుంది. రెండోది, కడ్డీలు కుడిది కుడికే, ఎడమది ఎడమకే. తయారీలోనే ఒక వైపుకు మెలితిప్పి సిద్ధం చేసి ఉంటాయి, చివర మీద గుర్తులు ఉంటాయి. తారుమారు చేస్తే విరిగిపోతాయి.

ఎత్తు సర్దుబాటు చేసే పద్ధతి నాకు చాలా ఇష్టమైన ఇంజినీరింగ్. కడ్డీకి రెండు చివర్లా పళ్లుంటాయి, కానీ వాటి సంఖ్య ఒకటి కాదు. బీటిల్ కారులో లోపల 40, బయట 44. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను ఎదురు దిశలో జరిపితే సుమారు 8.2 డిగ్రీలు, తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. ఏ స్క్రూ లేకుండా అంత సన్నటి సర్దుబాటు దొరుకుతుంది. ఈ వ్యాన్‌లోనూ అదే సూత్రం. మాన్యువల్‌లో మీ మోడల్‌కు ఇచ్చిన కోణాన్ని చూసి, కోణమానినితో రెండు పక్కలా ఒకేలా పెట్టాలి. విప్పేముందు పాత స్థితిని ఉలితో గీసి పెట్టుకోండి, ప్లేట్‌కూ ఆర్మ్‌కూ మధ్య బోల్టులు పొడుగు రంధ్రాల్లో ఉంటాయి కాబట్టి అక్కడ కూడా.

ఇంతా చెప్పి తుప్పు గురించి చెప్పకపోతే మొత్తం వృథా. ఈ బండికి లారీలా విడి చాసిస్ లేదు, బాడీ, కింది రైళ్లు కలిసే బలం. బీమ్ బిగించే చోటు, షాకప్ పై బోల్టు పట్టే చోటు, జాకీ పాయింట్లు, తలుపు కింది సిల్స్, బ్యాటరీ కింది ట్రే, ఈ చోట్లలో సుత్తితో తట్టి చూడండి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పుట్టీ పెట్టి రంగేసి ఉంటే అయస్కాంతం అంటుకోదు. బలహీనమైన లోహానికి కొత్త బుష్‌లు బిగిస్తే ఆ లోహమే కదులుతుంది. సిల్స్ కోసి కొత్త రేకు వేయించేటప్పుడు బండి తన చక్రాల మీద నిలబడి ఉండాలి, తలుపు ఖాళీలకు అడ్డంగా ముందే గొట్టాలు వెల్డ్ చేయాలి, లేకపోతే బాడీ వంగి పక్క తలుపు మళ్లీ జన్మలో సరిగ్గా పడదు. పెయింట్ ఇదంతా అయ్యాకే.

షాకప్స్ వంతు ఇప్పుడొస్తుంది. విప్పి నిటారుగా పట్టుకుని చేత్తో పూర్తిగా లాగి, నొక్కి చూడండి. మధ్యలో ఎక్కడైనా బరువు లేకుండా జారిపోతే, నూనె కారుతుంటే పోయినట్టు. ఇక్కడి వేరే బండివి పెట్టేద్దామంటే బోల్టు కన్ను సైజు కుదిరితే సరిపోదు, పూర్తిగా మూసినప్పుడు, తెరిచినప్పుడు పొడవు కూడా చూడాలి. పొడవు ఎక్కువైతే గుంతలో షాకప్ అడుగు తాకి దాని బోల్టునే పెకిలిస్తుంది.

చాలామంది అసలు లెక్కలోకి తీసుకోని విషయం క్యాంపర్ బరువు. మన కార్పెంటర్లు ఇంటి కిచెన్‌కు చేసినట్టే 18 మి.మీ. ప్లైవుడ్‌తో వ్యాన్‌లో కప్‌బోర్డులు కొడతారు. 8 అడుగుల × 4 అడుగుల షీటు ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. నీళ్ల ట్యాంకు లీటరుకు కిలో. స్టవ్, సిలిండర్, నీళ్లు అన్నీ ఒకే పక్కన పెడితే బండి ఆ పక్కకే వాలుతుంది, దానికి టార్షన్ బార్‌ను తప్పుపట్టి లాభం లేదు. లారీలు తూచే ధర్మకాటాకు తీసుకెళ్లి ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి తూచండి, ఆ అంకెలను మాన్యువల్‌లో ఒక్కో యాక్సిల్‌కు ఇచ్చిన పరిమితితో పోల్చండి. వెనక ఇంజిన్ ఉన్న బండి కాబట్టి బరువైనవి ముందువైపుకు, కిందికి పెట్టడం మేలు. ఎత్తు సర్దుబాటు కూడా సామాను మొత్తం ఎక్కించాకే చేయాలి, ఖాళీ బండికి చేస్తే మళ్లీ చేయాల్సి వస్తుంది.

టైర్లు కారువి వేయొద్దు. 14 అంగుళాల చక్రాలకు 185ఆర్14 సైజు లోడ్ టైర్లు కావాలి, చిన్న గూడ్స్ బండ్లకు వాడతారు కాబట్టి ఇక్కడ దొరుకుతాయి. కారు టైరు పక్క గోడలు మెత్తగా ఉంటాయి, ఇంత ఎత్తు బండిని మోస్తుంటే మలుపుల్లో అవే ఊగుతాయి, మీరు మళ్లీ సస్పెన్షన్‌ను అనుమానిస్తారు. వెనక టైర్లకు ముందువాటికంటే ఎక్కువ గాలి ఉండాలి.

అన్నిటికంటే చివర అలైన్‌మెంట్. సెంటర్‌లో ఈ బండి డేటా కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు, మాన్యువల్ పేజీ ప్రింట్ తీసి పట్టుకెళ్లండి, నాలుగు చక్రాలూ చూడమనండి. కొత్త బుష్‌లు కొన్ని వందల కిలోమీటర్లకు కూర్చుంటాయి, అప్పుడు బోల్టులన్నీ ఒకసారి బిగుతు చూసి, ఎత్తు కొలిచి, అలైన్‌మెంట్ మళ్లీ చూపించాలి. వానాకాలం అయ్యాక గ్రీజు తప్పనిసరి.

ఇన్ని చేశాక కూడా హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద పక్కగాలి కొట్టినప్పుడు, పెద్ద లారీ దాటినప్పుడు బండి కాస్త పక్కకు నెట్టుకున్నట్టు అవుతుంది. ఎత్తైన చదును పక్కలు, వెనక బరువు ఉన్న బండి, కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు కూడా అలాగే ఉండేది, దానికి సామాను మార్చక్కర్లేదు, వేగం తగ్గిస్తే చాలు. అలా కాకుండా గాలి లేని చోట కూడా ఎప్పుడూ ఒకే వైపుకు లాగుతుంటే సస్పెన్షన్‌ను వదిలేసి బ్రేకులు చూడండి. కాసేపు నడిపి ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెడితే పట్టేసిన వైపు చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటుంది.